కర్రోడి ముద్ద

సంగటి గిన్నె ముందు కూర్చుంటే మాలకొండయ్యకు మొదటి ముద్ద తనది కాదు, కర్రోడిది. కర్రోడంటే అతని నల్లకుక్క. పదకొండేళ్లు మందను కాచి, ముసలితనం మీదపడి పోయినవారం చచ్చిపోయింది. అయినా చెయ్యి ఊరుకోదు, ముద్ద తీసి పక్కన పెడుతుంది. తీరా చూస్తే తినేవాడు లేడు. ఇక రెండో ముద్ద గొంతు దిగదు.

“దాని ముద్ద దానికి పెడతాండావు సరే, నీ ముద్ద ఎవురు తినాల?” అంది భార్య శేషమ్మ. “ఇట్ల కడుపు మాడ్చుకుంటే మందనెట్ల కాస్తావయ్యా?”

కుక్క కోసం ఏడుస్తున్నాడని పామూరు దాకా నవ్వారు. నవ్వరా మరి, వాళ్లెవరూ ఎనభై గొర్రెలను ఒంటిచేత్తో కాసినవాళ్లు కాదు.

ఆ రోజు కొండవార మేపుతూ వేపచెట్టు నీడన కూర్చున్నాడు. తిండి లేని ఒళ్లు, కళ్లు మూతలు పడ్డాయి. తెరిచేసరికి మంద చెంచయ్య జొన్నచేను వైపు సాగిపోతోంది. పైరు కోశాక వానల్లేక, మోళ్ల నుంచి పిలకలు లేచిన చేను అది. ఆ లేత పిలకల్లో నాము ఉంటుంది, పచ్చి విషం. నాలుగు కొరుకులు కొరికితే చాలు, గొర్రె నురగలు కక్కి పడిపోతుంది. అదిలిస్తే వినపడే దూరం కాదు. మాలకొండయ్య గుండె చేతబట్టుకుని పరుగెత్తాడు. కర్రోడే ఉంటే ఈపాటికి గట్టు మీద అడ్డం నిలబడేవాడు. ఏటా అక్కడే నిలబడి ఒక్క గొర్రెనూ దాటనిచ్చేవాడు కాదు.

ముందు నడుస్తున్న ముసలి గొర్రె గట్టు దగ్గర ఆగింది. కుక్క నిలబడే చోటు వైపు తలెత్తి చూసింది. అక్కడేమీ లేదు. అయినా పక్కకు తిరిగింది. దాని వెనకే మంద మొత్తం తిరిగింది. గొర్రెదాటని వెక్కిరించే లోకం అప్పుడక్కడ ఉండాల్సింది.

మాలకొండయ్య రొప్పుతూ వచ్చి గట్టు మీద కూలబడి ఏడ్చాడు. ఈసారి ఏడుపులో దిగులు కన్నా సంతోషమే ఎక్కువ.

“పోయినాక కూడా కాస్తానే ఉండావా నాయనా,” అన్నాడు. “సల్లగా ఉండు. నా మందను నిలబెట్టినావు.”

అక్కడే సంగటి మూట విప్పి మొదటి ముద్ద గట్టు మీద పెట్టాడు. ముసలి గొర్రె వచ్చి వాసన చూసి తినసాగింది. అదిలించబోయి చెయ్యి దించేశాడు. కర్రోడి పని చేసినదానికి కర్రోడి కూడు చెల్లుతుందనుకుని, రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.