బొత్తం పుస్తకంలో అచ్చుతప్పు

గ్రంథాలయం వెనకగదిలో చిరిగిన పుస్తకాలు కుట్టే బైండరుని అందరూ జిగురుమామ అంటారు. ముప్పై ఏళ్లలో వేల పుస్తకాలు కుట్టాడు, ఒక్కటీ చదవలేదు. "దర్జీ తను కుట్టిన చొక్కాలన్నీ తొడుక్కుంటాడా ఏంటి?" అనేవాడు. నిజానికి ఎందుకు చదవవని అడిగినవాళ్లెవరూ లేరు. ఆ జవాబు తనకు తానే చెప్పుకునేవాడు.

ఆ మధ్యాహ్నం లైబ్రేరియనమ్మ పాత పిల్లల నవల ఒకటి తెచ్చి బల్లమీద పడేసింది.

"ఏమయ్యా, దీన్ని నిద్రలో కుట్టావా? చివర్లో ఏవో ఫారాలు తారుమారు. ఒక టీచరమ్మ వచ్చి నన్ను దులిపేసి పోయింది. ఐదింటికల్లా సరిచేసి ఇస్తే సరే, లేదంటే తూకానికే."

ఫారమంటే పదహారు పేజీల మడత. అంచులు కత్తిరించీ కత్తిరించీ పేజీ నంబర్లు ఎగిరిపోయాయి. ఏది ముందో తెలియాలంటే చదవాల్సిందే. అట్ట లోపల తన చేత్తో వేసిన తేదీ కనిపించింది. ఇరవై రెండేళ్ల కిందటిది. భార్య వెళ్లిపోయిన వారం.

కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు.

కథలో ఒక అక్కకీ ఇద్దరు తమ్ముళ్లకీ బొత్తం దొరుకుతుంది. చొక్కాకి కుట్టుకుని ఏది కోరితే అది జరుగుతుంది. దారం తెగిందా, ఇచ్చిందంతా పోతుంది. పిల్లలు చనిపోయిన అమ్మ కావాలంటారు. అమ్మ వస్తుంది, తలలు దువ్వుతుంది, మట్టికాళ్లతో లోపలికొచ్చారని తిడుతుంది కూడా. తర్వాతి ఫారంలో దారం తెగుతుంది. "వెళ్తాను" అని అమ్మ గుమ్మం దాటుతుంది. అంతే కథ.

అతను కుట్టినదాంట్లో అమ్మ ముందు వెళ్లిపోయింది, తర్వాత వచ్చింది. దారం తెగాక కోరిక ఎలా తీరిందని ఇన్నేళ్లలో ఒక్క పిల్లా అడగలేదు. అనుమానాలన్నీ పెద్దవాళ్లకే.

"వెళ్తాను" దగ్గర వేలు ఆగిపోయింది. గుమ్మం దాటుతూ అలా ఎవరంటారు? పక్కవీధికి పోయేవాళ్లు కూడా "వెళ్లొస్తా" అనే అంటారు. అతని భార్య మాత్రం సంచి భుజాన వేసుకుని, "పొయ్యి కట్టేశాను. వెళ్తున్నా," అంది. చేతులకి జిగురుంది. తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. ఆ మాటలో ఏ ముక్క లేదో బుర్రకెక్కడానికి మూడు రోజులు పట్టింది.

మళ్లీ తప్పుగానే కుట్టేస్తే? ఎవరు చూడొచ్చారు? చివరి రెండు ఫారాలూ చెరో చేత్తో పట్టుకుని అటూ ఇటూ మార్చి చూశాడు. తెలిసి తప్పు కుట్టడానికి చెయ్యి రాలేదు. వరసలోనే పెట్టాడు. సూదికి దారం ఎక్కించే ముందు మాత్రం, చెవి వెనక పెన్సిల్ తీసి ఒక్క మాట కొట్టేసి, పైన ఇంకోటి రాశాడు.

ఐదింటికి లైబ్రేరియనమ్మ చివరి పేజీ తిప్పింది.

"ఇదేంటయ్యా, పెన్సిల్ గీతలు? ఎవరో పిల్లవెధవ 'వెళ్లొస్తాను' అని రాశాడు. రబ్బరుతో తుడవకపోయావా?"

"అది అచ్చుతప్పండీ," అన్నాడు జిగురుమామ. "నేనే దిద్దాను."