మంగయ్య బిగించిన తుమ్మకర్ర

మంగయ్య చివరగా చేసిన పని చాలా చిన్నది. బత్తాయి తోటలోంచి పాత చిన్న ట్రాక్టరును తెచ్చి రేకుల కొట్టంలో నిలిపాడు. క్లచ్ పెడల్‌ను అడుగుదాకా తొక్కిపట్టి, అది మళ్లీ పైకి లేవకుండా సీటుకూ పెడల్‌కూ మధ్య ఒక తుమ్మకర్రను సుత్తితో కొట్టి బిగించాడు. చేతులు దులుపుకొని చిలుకూరులోని ఇంటికి పోయాడు. ఆ రాత్రే గుండెనొప్పి వచ్చింది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

ఆయన భార్య నీల ఆడబిడ్డ శ్రీలతకు ఫోన్ చేసింది. కలవలేదు. శ్రీలత ఆ ఇంటి నంబర్లన్నీ ఎప్పుడో బ్లాక్ చేసి పెట్టింది.

అందుకే తెల్లవారి కొట్టంలోకి వచ్చిన శ్రీలతకు ఏమీ తెలియదు. ఆమెకు కనిపించింది కర్ర ఒక్కటే. సరిగ్గా ట్రాక్టరు తన వంతుకు వచ్చే రోజున, తన కాలు పెట్టే చోట, తనకు అడ్డంగా కొట్టిన కర్ర. రాయి తీసుకొని నాలుగు దెబ్బలు వేసి ఊడగొట్టింది. తీసుకుపోయి కాలువలోకి విసిరేసింది. "కర్ర అడ్డంబెట్టి ఆపుతడంట, మొగోడు!" అని అన్న ఇంటివైపు తిరిగి ఉమ్మింది. పాలు పోసే మనిషి ఎదురొచ్చి చావు కబురు చెప్పింది ఆ తర్వాతే.

వాళ్ల పగ తోటతో మొదలైంది. తండ్రి బతికుండగానే తోటను కొడుక్కీ బిడ్డకూ సగం సగం చేశాడు. "ఆడపిల్లకు తోటేంది, పూలకుండీ ఇస్తె సాలదా?" అన్నాడు మంగయ్య. ఆ మాటను శ్రీలత మరిచిపోలేదు. చెట్లను పంచారు, బోరు నీళ్లను పంచారు. ట్రాక్టరును మాత్రం ఎట్లా కోస్తారు? పెద్దమనుషులు కూర్చొని అమావాస్య నుంచి పౌర్ణమి దాకా అన్నదీ, పౌర్ణమి నుంచి అమావాస్య దాకా చెల్లెలిదీ అని తేల్చారు. ఆనాటి నుంచి చంద్రుణ్ణి కూడా ఇద్దరూ అనుమానంగానే చూశారు. తిథి తెల్లవారుజామున మారిందా, పొద్దెక్కాక మారిందా అని పంచాంగం పట్టుకొని తిట్టుకున్న రోజులున్నాయి.

మంగయ్య అందరితోనూ అంతే. కాలువకు నీళ్లు వదిలే లస్కరుతో తగాదా, బస్సు కండక్టరుతో తగాదా, పెళ్లి భోజనంలో పప్పు వడ్డించేవాడితో తగాదా. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ ఎవరినో వెతుకుతున్నట్టు మెడ ముందుకు చాచి నడిచేవాడు. ట్రాక్టరు మీద మాత్రం చెప్పులు విడిచి కూర్చునేవాడు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అరికాలికే తెలుస్తుందట. చెల్లెలు పొట్టి మనిషి. కాలు కింద ఆనక క్లచ్ పెడల్ మీదనే పెట్టి నడిపేది. అట్లయితే క్లచ్ అరుగుతుందని, అది చూసినప్పుడల్లా ఆయనకు ఒళ్లు మండేది.

ఆయన చావుకు ముందటి ఎండాకాలం ఆమె వంతులోనే క్లచ్ ప్లేటు కాలింది. ఇంజిను అరుస్తున్నది, బండి కదలడం లేదు, కిందినుంచి మాడువాసనతో పొగ. మంగయ్య కంచె దూకి వచ్చాడు.

"కాలు తియ్యవానే దాని మీదికెల్లి? బండి నడుపుతున్నవా, కుట్టుమిషన్ తొక్కుతున్నవా?"

"నీ వంతుల ఊరందరికి కిరాయికి తిప్పి అరగదీసినవ్. మిగిలిన పొగ నా మొఖాన పెట్టినవ్. ఇగ సూడు, సల్లగైందా కడుపు?"

"నీకు తోట పంచిచ్చిన మా నాయనది తప్పు."

"మీ నాయనేంది? నాకేమన్న వేరే నాయనున్నడా?"

ఆమెకు చెప్పకుండానే ఆయన బండిని కోదాడలో మెకానిక్ దానియేలు షెడ్డుకు తోలించాడు. అక్కడ ప్లేటు ఊడదీయించి, తనే మిర్యాలగూడకు తీసుకుపోయి దాని మీద అరిగే పొరను, లైనింగును, కొత్తగా వేయించుకొచ్చాడు. బండి తిరిగొచ్చాక కంచె అవతలినుంచి అరిచి చెప్పాడు. "కొత్త లైనింగు కొట్టించిన. నమ్మితె నమ్ము, లేకుంటె నాగలి కట్టుకో."

శ్రీలత నమ్మలేదు. పాత ప్లేటునే గరుకు కాగితంతో రుద్ది ఎక్కించి ఉంటాడనీ, తన వంతులో మళ్లీ కాలితే తననే దొంగను చేస్తాడనీ అనుకుంది. ఆయన కర్ర బిగించిన రోజు పొద్దున కూడా అదే పోట్లాట. "నువ్వు ముట్టుకున్న బండి నేను ముట్ట. ఈ అమాసదాంక గాడనే తుప్పుబట్టనియ్!" అని అరిచింది. అరిచిందే గాని, తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. అందుకే తెల్లవారగానే వచ్చింది.

చావు అయిపోయింది. శ్రీలత వచ్చింది, ఏడవలేదు, వాకిట్లో నిలబడి వెళ్లిపోయింది. తర్వాత ముసురు పట్టింది. బురదలో బండి దిగే వీలులేక కొట్టంలోనే నిలబడిపోయింది. వాన తెరిపిచ్చాక ఆమె వెళ్లి స్టార్ట్ చేస్తే ఇంజిను లేచింది గాని గేరు పడలేదు. క్లచ్ ఎంత తొక్కినా పళ్లు కొరికినట్టు కరకరమని చప్పుడు. ఆమెకు కావలసింది దొరికింది.

నేరుగా అన్న ఇంటికి పోయింది. "నేనన్న మాట నిజమైంది వదినా. మీ ఆయన పాత ప్లేటే ఏసిండు. విప్పించి పెద్దమనుషుల ముందర పెడత. మోసం తేలితె బండి మొత్తం నాది. ఇగ వంతులు లెవ్వు."

నీల చేటలో బియ్యం పక్కన పెట్టింది. "పోయినోన్ని గూడ ఇడువవా?"

"పోయినంత మాత్రాన ప్లేటు కొత్తదైతదా?"

దానియేలు కూడా అన్నతో కలిసే ఉంటాడని ఆమె అనుమానం. ఇద్దరి గుట్టూ ఒకేసారి బయటపెట్టాలని వేరే బండికి కట్టి ఆ షెడ్డుకే లాక్కుపోయింది. స్టూలు ఎదురుగా వేసుకొని కూర్చుంది. "నా కండ్ల ముందర విప్పు. ఒక్క బోల్టు మారినా ఊరుకోను."

దానియేలు ట్రాక్టరును నడుముకాడ రెండు ముక్కలు చేశాడు. లోపలి మూత తీశాడు. ప్లేటు కిందపడాలి, పడలేదు. స్క్రూడ్రైవరు ఆనించి సుత్తితో తడితే, ఎర్రటి తుప్పు రాల్చుకుంటూ ఊడి వచ్చింది. గుడ్డతో తుడిచి ఆమె ఒళ్లో పెట్టాడు. లైనింగు మందంగా ఉంది, రివిట్లు లోతుగా ఉన్నాయి. అరిగిన ప్లేటైతే రివిట్లు పైకి తేలి ఉండేవి.

"కొత్తదేనమ్మా. అరగలేదు, అతుక్కుంది. వానాకాలం ఊరికే నిలబెడితే చెమ్మకి ఇట్లా ఇంజిను చక్రానికి కరుచుకుంటది. అందుకే ప్లేటు దానికి ఎడంగా ఉండేట్టు పెడల్ తొక్కిపెట్టి కర్ర బిగించమని మంగయ్యకి చెప్పా. పెట్టలేదా?"

శ్రీలత ప్లేటును ఒళ్లోంచి దించలేదు.

"పెట్టిండు," అంది. గొంతు పెంచింది. "తెల్లారితె నా వంతైతె, మాపటికి కర్రెందుకు గొట్టాలె? నన్ను ఆపనీకే గదా?"

"రోజూ నడిపే బండికి కర్రెందుకమ్మా? ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. మామూలుగానే తిట్లతోటే మొదలుపెట్టాడు. 'మా రాక్షసి అమాసదాంక బండి ముట్టదంట. అది అన్నదంటె అన్నదే. మొగులు జూస్తె ముసురువట్టేటట్టున్నది. ఆ కర్ర ఇంజినుకు ఆనించాల్నా, సీటుకు ఆనించాల్నా?' అని అడిగాడు."

సీటుకే అని చెప్పానన్నాడు దానియేలు.