నీడల పన్ను నవల, నేను ఆపిన బస్సు

నా పదిహేడో ఏట, కన్నడసీమలో మా ఊరి నుంచి కంప్లికి పోయే బస్సును ఒంటిచేత్తో గంటన్నర ఆపాను. బస్సులో నలభైమంది జనం, పెండ్లి సామాను, రెండు మేకలు ఉన్నాయి. డ్రైవరు హారన్ కొట్టాడు. కండక్టరు విజిలు ఊదాడు. మా అక్క మామగారు రాహుకాలం, రాహుకాలం అని మొత్తుకున్నాడు. నేను రోడ్డు నడుమ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను, కదల్లేదు. ఈ సంగతి మనవళ్ళకు ఎన్నిసార్లు చెప్పానో! చెప్పినప్పుడల్లా ఒక మేక పెరిగేది.

అంత పొగరు నాకు ఒక నవల చదివితే వచ్చింది. దాని పేరు చెప్పలేను, అట్ట ఊడిపోయాకే మా చేతికి వచ్చింది. కంప్లిలో అద్దెకు పుస్తకాలిచ్చే అంగడి ఒకటి ఉండేది. గోడ పొడుగునా కన్నడ పుస్తకాలు, మూలనున్న చెక్కపెట్టెలో తెలుగువి. నేను కంప్లి హైస్కూల్లో చదువుతూ రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ణి కాబట్టి పెట్టె అడుగుదాకా తవ్వే అధికారం నాదే.

ఆ నవలలో ఒక రాజు ప్రజల నీడలకు పన్ను వేస్తాడు. నీడ ఎంత పొడుగుంటే పన్ను అంత. అందుకే వసూలుదార్లు సాయంత్రం పూటే వస్తారు. కట్టలేనివాళ్ళ నీడను రాజుగారి మాంత్రికుడు కత్తెరతో కోసి, చాపలా చుట్టి నేలమాళిగలో పెట్టుకుంటాడు. నీడ పోయిన మనిషి ఇక ఎవరికీ ‘కాదు’ అని చెప్పలేడు. పడవ నడిపేవాడి కూతురు ఒకతె, పన్నెండేళ్ళది, ఆ విద్య నేర్చుకోవాలని మాంత్రికుడి దగ్గరే చేరుతుంది. గురుదక్షిణగా తన నీడనే కోసి ఇచ్చేస్తుంది. కోయడం నేర్చాక, కుట్టడం తనంతట తాను కనిపెట్టి, ఊళ్ళకు ఊళ్ళు తిరగబడేలా చేస్తుంది.

ఇది చదివాక, శిస్తు వసూలుకు తిరిగే మా ఊరి తలారి సాయంత్రం ఎదురొస్తే నేను గోడవారగా ఒదిగి నడిచేవాణ్ణి. ఒకరోజు మేక నీడను కోసి చూద్దామని అక్క కత్తెర తీసుకుపోయాను. నీడ పడింది ఎండబెట్టిన మా నాయన పంచె మీద అన్న సంగతి సగం కోశాక గానీ తెలియలేదు. అక్క దాన్ని ఎంత సన్నగా కుట్టిందంటే, మా నాయన ఆ పంచెను ఇంకో రెండేండ్లు కట్టాడు, ఏమీ అనుమానించకుండా.

అక్క నాకంటే ఏడాది పెద్ద. నా చదువంతా కన్నడంలో సాగింది. తెలుగు చదవడం నేర్పింది అక్కే. మూడువందల పేజీలు ఒక్క పగటిలో నమిలేశానని నేను బడిలో చెప్పుకునేవాణ్ణి గానీ, పెదాలు కదుపుతూ చదివే నాకు కొన్ని పేజీలకే వారం పట్టేది. అంతసేపు ఆగలేక, ఒకేసారి అందరం చదవొచ్చని అక్కే ఉపాయం చెప్పింది. పుస్తకం కుట్టు దారం కోసి నాలుగు కట్టలు చేశాం. అంతా అయ్యాక దబ్బనంతో మళ్ళీ కుట్టి అంగడిలో ఇచ్చేయాలి. కట్ట ముందు నాకు, తర్వాత అక్కకు, ఆఖరున డ్రైవరన్నకు.

డ్రైవరన్నంటే మా బస్సు డ్రైవరు. బస్సు రాత్రికి మా ఊళ్ళోనే ఆగేది, ఆయన మా అరుగు మీద పడుకునేవాడు. కంప్లిలో జనం ఎక్కేలోపల స్టీరింగు మీద కాగితాలు పరిచి చదువుకునేవాడు. మూడో కట్ట అయిపోయినప్పటి నుంచి రోజూ నన్ను అడిగేవాడు, నాలుగోది యాడప్పా అని. ఇంకా కాలేదన్నా అని నేను.

ఎప్పుడో అయిపోయింది. కట్టను దాచేశాను.

ఎందుకంటే, అక్కకు పెండ్లయింది. గురువారం పొద్దున బస్సుకు, కంప్లి మీదుగా, బండ్రి అనే ఊళ్ళో అత్తగారింటికి పంపాలని ఖాయం చేశారు. ఆ ఇంట్లో అచ్చు కాగితమంటే పంచాంగం ఒక్కటేనని అక్కకు ముందే తెలిసింది. ఇక్కడ చదివిందే చదువు. అంతకు ముందు వారం పొడుగునా నా వెంట పడింది. కథ మొత్తం వద్దు, ఆ పిల్ల నీడ ఆ పిల్లకు తిరిగొచ్చిందా లేదా, అంతవరకు చెప్పు చాలని. నేను చెప్పలేదు. కథ తేలకుండా అక్క బస్సెక్కదని నా నమ్మకం. పదిహేడేళ్ళకు నాకున్న తెలివి అంత.

గురువారం వచ్చింది. అక్క ఎక్కింది.

ఇక నిజం చెప్తాను. నేను రోడ్డు మీద లేను. బస్సు పైన ట్రంకుపెట్టెకు తాడు బిగిస్తున్నాను. నాలుగో కట్ట చొక్కా కింద నడుముకు దోపుకుని ఉంది. కిందికి దిగుతుంటే అక్క కిటికీలోంచి తల బయట పెట్టింది.

“ఆ కట్ట ఈడికియ్యి.”

“యా కట్ట?”

“నడుముకాడ ఉబ్బిండేది.”

ఇంజను అప్పుడే అందుకుంది. డ్రైవరన్న చెవి పాముచెవి. “ఇంగా కాలేదంటివి కదప్పా,” అని నా వైపు ఒక చూపు చూసి ఇంజను ఆపేశాడు. అక్క మామగారు లేచి, ఒంటిగంటన్నరకు రాహుకాలం, ఆలోపల గడప తొక్కాలని గొడవ మొదలుపెట్టాడు.

“ఇప్పుడు ఎనిమిది స్వామీ. సాకు, ఇంగ చాలు, కూచోండి. ఈ పొద్దు నాకు తెలియాల,” అన్నాడు డ్రైవరన్న.

అక్క కట్ట విప్పింది. కాగితాల మధ్య నుంచి రెండు జొన్నగింజలు ఒళ్ళో రాలాయి. అవి ఎక్కడివని అడగలేదు, దులిపేసుకుంది. గొంతు పెంచి ఆఖరి అధ్యాయం చదవడం మొదలుపెట్టింది. ముందు వరసలో ఒకామె కన్నడంలో ‘ముందేనాయ్తు’, తర్వాత ఏమైంది, అని అడుగుతుంటే కండక్టరు టిక్కెట్లు వదిలి తర్జుమాకు దిగాడు. కొత్త పెండ్లికొడుకు అంతవరకు మా ఇంట్లో నోరు విప్పి ఎరగడు. పేజీ తిప్పడం ఆలస్యమైతే “ఆమీట?” అన్నాడు. నేను విన్న ఆయన మొదటి మాట అదే.

ఆ పిల్ల నేలమాళిగ తలుపు పగలగొట్టి, చాపల్లా చుట్టిన నీడలన్నీ ఎవరివి వాళ్ళకు కుట్టి ఇచ్చేస్తుంది. అడుగున తన నీడ దొరుకుతుంది. అయితే అది పన్నెండేళ్ళ పిల్ల నీడ, తనకిప్పుడు పద్దెనిమిది. పొట్టిగా ఉంది, ఒంటికి సరిపోదు. అయినా కాళ్ళకు కుట్టుకుని ఇంటిదారి పడుతుంది. పొద్దు వాలేకొద్దీ నీడ పొడుగవుతుంది. పన్ను అడిగేవాడు దారిలో ఒక్కడూ లేడు. కథ అక్కడికి అయిపోతుంది. సింహాసనం ఏమైందో ఎవరూ అడగలేదు.

అక్క కట్ట మడిచి కిటికీలోంచి నాకిచ్చింది. “పోనియ్యన్నా,” అంది. నేను రోడ్డు నడుమ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మాట నిజమే. బస్సు పోయిన తర్వాత.

మొన్న అక్క వచ్చింది. ఎనభై దాటినా చూపు బాగానే ఉంది గానీ, నేనే చదివి వినిపిస్తానని, నేను రాసిన ఈ కాగితాలు తెచ్చాను. అనపకాయలు ఒలుస్తూ విన్నది. తమ్ముడు కట్ట దాచబట్టే కదా బస్సు ఆగింది, కథ తెలిసింది అని ఒక మంచి మాట అంటుందేమోనని ఆశపడ్డాను. చేటలో గింజలు పక్కకు నెట్టింది.

“గంటన్నర కాదు, ఇరవై నిమిషాలు. మేకలు లేవు. కట్ట యాడ పెట్టింటివి?”

జొన్నల గాదెలో అన్నాను.

“పొద్దున్నే ఆ గాదెలో చెయ్యి పెట్టేది ఎవురు, నీవా నేనా? సోమవారమే సదివేసి మళ్ళా ఆడే పెట్టినా.”

అయితే బస్సులో అంత ఎందుకు చదివావని అడిగాను. 

“పోబుద్ధి కాలేదు. పోనని చెప్పే నోరు లేదు నాకు ఆ పొద్దు. చేతికి కట్ట దొరికితే సదువుతా కూచున్నా, ఇంగ రోంతసేపు మనూర్లో ఉండొచ్చని. నీ వల్ల ఏం ఆగలేదు. బస్సు ఆపింది నేను. అది కొట్టేసి సరిగ్గా రాయి.”