బాబాయ్ ఫోల్డర్లు

ఫోల్డర్ బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఏ క్యూఆర్ కోడ్‌నీ ఉండాల్సిన చోట ఉండనివ్వడు.

బాబాయ్ పనిచేసే ఫర్నిచర్ కంపెనీ నుంచి మంచాలూ బీరువాలూ విడి ముక్కలుగా పెట్టెల్లో వెళతాయి. పెట్టెమీది కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేస్తే, ఎలా బిగించుకోవాలో చూపించే పేజీ వస్తుంది. ఆ కోడ్లను ఆన్‌లైన్ డ్యాష్‌బోర్డులో ఫోల్డర్లుగా సర్దడం బాబాయ్ ఉద్యోగం. బుద్ధున్న మనిషైతే మంచాలొక చోటా, కుర్చీలొక చోటా పెడతాడు. బాబాయ్ ఫోల్డర్ల పేర్లు చూస్తే కొత్త సూపర్‌వైజరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది. ‘ఇంట్లో ఒక్కరే ఉన్నవాళ్ళు’, ‘మోకాళ్ళ నొప్పులవాళ్ళు’, ‘అత్తగారు పక్కనే నిలబడి చూస్తున్నవాళ్ళు’!

“బాబాయ్ గారూ, ఉయ్యాల కోడ్ ఎక్కడ తగలేశారు? కొత్త పెట్టెల మీద అచ్చెయ్యాలని ప్రింటింగ్ వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు!”

“తగలెయ్యడమేంటమ్మా? ‘చప్పుడు చెయ్యకూడనివాళ్ళు’లో భద్రంగా ఉంది.”

“ఉయ్యాలని ఉయ్యాల అంటే మీ సొమ్మేం పోయింది?”

“ఉయ్యాల స్కాన్ చేస్తుందా తల్లీ? చేసేది మనిషి కదా!”

ఆమె పళ్ళు నూరింది. ఆ రోజే యజమాని కూడా తేల్చి చెప్పేశాడు. సాయంత్రానికి ఫోల్డర్లు దారికి రాకపోతే బాబాయ్‌ని ఇంటికి పంపడమే. బాబాయ్ భోజనానికి లేవగానే ఆమె కసికొద్దీ కోడ్లన్నీ లాగి మంచాలు, బల్లలు, ఉయ్యాలలు అని సర్దిపారేసింది.

చేతులు దులుపుకునేలోగా ఫోన్ మోగింది. అవతల ఎవరో ఆడమనిషి, గుసగుసగా తిడుతోంది. “పొద్దున స్కాన్ చేస్తే చప్పుడు లేకుండా పెద్ద అక్షరాలు వచ్చాయి. ఇప్పుడేంటండీ ఆ పాట? పసివాడు లేచి ఏడుస్తున్నాడు. మీకసలు బుద్ధుందా?”

అప్పుడు తెలిసింది సూపర్‌వైజరమ్మకి. కోడ్ ఏ ఫోల్డర్లో ఉంటే ఆ ఫోల్డర్ పేజీయే తెరుచుకుంటుంది. తను పెట్టిన కొత్త ఫోల్డర్లకి కంపెనీ పాటతో మొదలయ్యే మామూలు పేజీయే గతి. పాత ఫోల్డర్ల పేజీలన్నీ, ఏ సామాను ఎలాంటివాళ్ళు కొంటారో ఆలోచించి బాబాయ్ కూర్చుని రాసినవే. ఒక్కరే ఉన్నవాళ్ళకి చెక్కపలకను గోడకి ఆనించి బిగించే పద్ధతి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి నేలమీద కూర్చోకుండా చేసే ఉపాయం. అత్తగారున్నవాళ్ళకి బిగింపులో ప్రతి దశ దగ్గరా, దూరం నుంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాల్లో, ‘మీరు చేస్తున్నది సరైనదే’.

“ఇన్నాళ్ళూ ఈ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చుగా!” అని భోజనం నుంచి వచ్చిన బాబాయ్ మీద విరుచుకుపడింది.

“పేరు చదివితే తెలుస్తుందనుకున్నానమ్మా.”

తిట్టుకుంటూనే అన్నీ యథాస్థానంలో పెట్టింది. సాయంత్రం యజమాని వచ్చి తెర చూసి మండిపడ్డాడు. “మళ్ళీ ఇదే చెత్తా? ఈయన్ని పంపించెయ్యండి!”

“పంపితే నన్నూ పంపండి సార్!” ఆమె గొంతుకి ఆఫీసంతా తలెత్తింది. “మీరు ఇంటికి పట్టుకెళ్ళిన బల్ల ఇంకా పెట్టెలోనే ఉందని మీ ఇంట్లో మేడమ్ చెప్పారు. ముందది బిగించి, అప్పుడు మాట్లాడండి!”

యజమాని మొహం కందగడ్డయింది. బాబాయ్ మాత్రం కంగారు పడలేదు. మెల్లగా మౌస్ కదిపి ఒక ఫోల్డర్ తెరిచాడు. పేరు ‘ఎవర్నీ అడగడానికి మొహమాటపడేవాళ్ళు’.

“మీ బల్ల కోడ్ కూడా ఇందులో వేశాను సార్. ఎప్పుడైనా పనికొస్తుందని.”

యజమాని అటూ ఇటూ చూశాడు. ఫోన్ తీసి తెరమీది కోడ్ స్కాన్ చేశాడు. మొదటి వాక్యం ఇలా ఉంది: ‘కంగారు పడకండి, ఎవరికీ చెప్పం. ముందు స్క్రూలున్న చిన్న కవరు విప్పండి.’

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, బాబాయ్ కేసి చూడకుండా, “రేపు కాస్త ఆలస్యంగా వస్తాను” అని వెళ్ళిపోయాడు.