గోగు ఊరేసిన ఏడు

మొన్న మా ఆఫీసులో ఒక తాను విప్పేరు. గోగునార, పత్తి కలిపి నేసిన గుడ్డ. లేత తేనెరంగు, చేత్తో నిమిరితే కొంచెం గరుకు, ముక్కుకి ఆనిస్తే ఎక్కడో అడుగున బురద, కుళ్ళిన ఆకు, తడిసిన గడ్డి. విశాఖపట్నంలో నారబట్టలు చేసే చిన్న కంపెనీ మాది. మిగతావాళ్ళంతా "వాష్ సరిగ్గా చెయ్యలేదు" అని వెనక్కి జరిగితే, నేను మాత్రం అందులో మొహం దూర్చి నిలబడిపోయేను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగేయి. బాల్యం గుర్తొచ్చిందని అందరూ కరిగిపోయేరు. డస్ట్ ఎలర్జీ కూడా ఉందని నేను చెప్పలేదు.

మా ఊరు చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే దారిలో. మా అత్త రమణమ్మ, నాన్న చెల్లెలు, మావయ్య లారీ మీద తిరుగుతుండేవాడు కాబట్టి మా ఇంట్లోనే ఉండేది. తొలకరి పడగానే మా గరువులో, అంటే ఊరవతల మెట్ట చేలో, గోగు జల్లేది. ఆషాఢానికి మోకాలెత్తు, వినాయక చవితికి నాన్న తల దాటిపోయేది. ఆ మధ్య నెలలన్నీ ఇంట్లో గోంగూర పప్పు, గోంగూర పులుసు, ఎండురొయ్యల గోంగూర, మార్పు కోసం ఆదివారం గోంగూర పచ్చడి. పువ్వు పూసేక కోసి, ఆకు రాలేక కట్టలు కట్టి, మా వైపు గెడ్డ అనే వాగులో, నిలవనీట్లో రాళ్ళెత్తి ముంచేవారు. దాన్నే ఊరేయడం అంటారు. ఆ రెండు మూడు వారాలూ వచ్చే కంపుకి మా ఇంటికి చుట్టాలు వచ్చేవారు కాదు, అదొక్కటే లాభం. నార ఒలిచేక మిగిలిన తెల్లటి పుల్లలు మాకు కత్తులు. మొదటి దెబ్బకే ఇరుపక్షాల కత్తులూ విరిగిపోయేవి కాబట్టి మా యుద్ధాలన్నీ రాజీతోనే ముగిసేవి.

ఆ ఏడు నాన్న తేల్చి చెప్పేసేడు. "ఒసే రమణమ్మా, కిందటేడు నార నల్లబడింది. ఈసారీ నల్లబడితే గరువులో సెరకేసెస్తాను."

"తెల్లగొస్తే?"

"నీ ఇష్టం."

కట్టలు ముంచిన రెండు వారాలకి అత్తకి జ్వరం పట్టుకుంది. నన్ను మంచం దగ్గరికి పిలిచింది. "ఒసే గుంటా, రోజూ ఎల్లి ఒక కర్ర తీసి ఒలిచి సూడు. నార అరటితొక్కలా జారిపోతే ఊరినట్టు. ఎంటనే వచ్చి సెప్పు."

నాకు తొమ్మిదేళ్ళు. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టడం నా వల్ల కాలేదు. పైగా నాకు తెలిసిన ఊరేయడం ఆవకాయది. ఎంత ఊరితే అంత రుచి. అంచేత గట్టు మీంచే చూసి, ఆరు రోజులపాటు పెద్ద డాక్టరులా "ఇంకా ఊర్లేదత్తా" అని రిపోర్టు ఇచ్చేను. ఏడో రోజు అత్త నా భుజం పట్టుకుని గెడ్డకొచ్చి ఒక కర్ర లాగింది. నార నల్లగా, మెత్తగా, ఉడికిన సేమియాలా తెగి చేతిలోకొచ్చింది. ఆమె ఏడవలేదు. చేతులు కడుక్కుంది. "నా జొరమే కొంప ముంచింది" అని ఊరందరికీ చెప్పింది. పక్కన నిలబడి నేను గట్టిగా తలూపేను. మరుసటేడు గరువులో చెరకు లేచింది.

మొన్న ఆదివారం ఆ గుడ్డముక్క పట్టుకుని ఊరెళ్ళేను. ఆగలేకపోయేను మరి, మా తానుకి నార ఎక్కణ్ణుంచో వచ్చింది, మా నేల నుంచి ఎందుకు రాకూడదు? చొక్కాలు, కర్టెన్లు, బేగులు, ప్లాస్టిక్ నూలు మానేసిన ప్రపంచం మొత్తం బస్సులోనే నేసేసేను. దిగి చూస్తే గెడ్డలో ఇసుక. నులక మంచాలు నైలానువైపోయేయి. నార ఊరిందో లేదో బొటనవేలితో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలేరు, ఒకరికి చూపు ఆనదు.

రెండోది మా అత్త. గుడ్డ చూసి నవ్వింది. "ఏటీ, గోగునారతో సొక్కాలా? ఏసుకున్నోడు పనికెల్తాడా, గోక్కుంటా కూకుంటాడా?" అంచు నుంచి ఒక పోగు లాగి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. "రెండ్రోజులు ముందే తీసీసేరు. అందుకే గరుకు."

మా ఆఫీసులో మూడు రోజులుగా మీటింగులు పెట్టినా తేలని సంగతి అది. ఎగిరి గంతేసేను. ఆ ఊపులోనే నోరు జారి, ఆ ఏడు నీళ్ళలో చెయ్యి పెట్టనేలేదని చెప్పేసేను.

"నాకు తెల్దేటే? ఆరు రోజులూ నీ సేతులు సబ్బువాసనే ఒచ్చేయి. జొరం మత్తు దిగేకే ఆ సంగతి తట్టింది."

"మరి నాన్నకి సెప్పలేదేం?"

"సెప్తే గరువు తిరిగొస్తాదా? నీ ఈపు మోగుతాది, అంతే."

తర్వాత అరుగు మీద కూర్చున్న నాన్న వైపు తిరిగింది. "అన్నయ్యా, గరువులో అరెకరం ఒదిలీ. ఊరెయ్యడానికి తొట్టి కట్టించుకుంటాం."

నాన్న గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసేడు. "మళ్ళీ నల్లబడితే?"

"నల్ల సొక్కాలు కుట్టుకుంటారు. జనం అన్నీ తెల్లయ్యే తొడుక్కుంటారేటి?"

నాన్న నవ్వు ఆపుకోలేక గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అరెకరం ఇచ్చేడు.