మామగారితో ఫ్లోరెన్స్ చూసిన సాయంత్రం

ఫ్లోరెన్స్ ఎలా ఉంటుందని నన్నడిగితే గంటసేపు చెప్పగలను. నిజంగా వెళ్ళొచ్చిన మా ఆయన్ని అడగండి, అక్కడ బాత్రూముకి వెళ్ళినా డబ్బులు పుచ్చుకుంటారని చెప్పి ఊరుకుంటారు.

నేను ఏళ్ళ తరబడి తొమ్మిదో తరగతి పిల్లలకి యూరప్ పునరుజ్జీవనం పాఠం చెప్పినదాన్ని. పుస్తకంలో అగ్గిపెట్టంత బొమ్మ ఉండేది, ఆ ఊరి పెద్ద చర్చిది, నలుపు తెలుపుల్లో. ఆ గుమ్మటం నిజానికి ఎర్రగా ఉంటుందర్రా అని చెప్తుంటే, చూసొచ్చినట్టే చెప్తోంది మేడమ్ అని పిల్లలు నవ్వుకునేవారు. చూడాలని నాకు అప్పట్నుంచీ పిచ్చి. మామగారికి మతిమరుపు జబ్బు ముదిరాక ఉద్యోగం మానేశాను. మానేయమని ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

మా ఫ్లాటు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో, మూడో అంతస్తు. వీధి నిండా బ్యాగులు తగిలించుకున్న కుర్రకారు. వాళ్ళంతా ఎక్కడికో వెళ్ళిపోవడానికే ఆ సందులోకి వస్తారు. మేం మాత్రం ఉండిపోయాం. ఒకనాడు మామగారు చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోతే, వెతగ్గా వెతగ్గా ఎర్రగడ్డ రైతుబజారులో వంకాయలు ఏరుతూ దొరికారు. ఆ రోజు నుంచి గ్రిల్లు తలుపుకి తాళం, ఆ తాళంచెవి నా మెడలో మంగళసూత్రాల పక్కన పిన్నీసుకి. ఆయన కోసం వేసిన తాళమే అయినా, లోపల ఉండేది ఇద్దరం.

పోయిన వేసవిలో మా ఆయన స్నేహితులు కుటుంబాలతో యూరప్ టూరు పెట్టుకున్నారు. వంటవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళే టూరు. ఏ ఊరు ఉన్నా లేకపోయినా ఫ్లోరెన్స్ ఉండాల్సిందేనని పట్టుబట్టింది నేను. వీసాలు వచ్చాయి. మామగారిని చూసుకోవడానికి బోరబండ నుంచి రోజూ వచ్చే ఆమె, మేం తిరిగొచ్చేదాకా రాత్రిళ్ళు కూడా ఉంటానని ఒప్పుకుంది. స్వెటర్ కొన్నాను. బూట్లు వేసుకుని హాల్లో నడక అలవాటు చేసుకున్నాను. తీరా ప్రయాణం ఎల్లుండి అనగా ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, నా బిడ్డకు కాన్పయింది. ఆపరేషన్ చేసిండ్రు. నేను లేకుంటె అయితలేదు. జర ఏమనుకోకు."

కన్నతల్లి కదా, ఆమెని ఏమనుకుంటాను. నా బాధ ఆమె మీద కాదు. ఆ ఫోన్ పెట్టేశాక, ఇద్దరిలో ఎవరం ఆగాలి అన్న మాటే మా ఇంట్లో రాలేదు. మా ఆయన సూట్‌కేసులోంచి నా బట్టలు తీసి, మడత చెడకుండా మంచం మీద పెట్టారు. ఏం బెంగపెట్టుకోకు, అంతా వీడియోలో చూపిస్తాగా అన్నారు. ఆ మంచితనానికే నాకు ఒళ్ళు మండింది. కసిరి ఉంటే నేనూ ఎదురుతిరిగేదాన్ని. మెత్తగా చెప్పేసరికి ఆ బట్టలు తీసుకెళ్ళి బీరువాలో సర్దేశాను.

చూపించారు. మాట తప్పే మనిషి కాదు. వాళ్ళు ఫ్లోరెన్స్ చేరిన రోజు అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ సాయంకాలం. నేనూ మామగారూ సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తున్నాం. సగం ఊరు మా ఆయన బొటనవేలు వెనకాలే ఉండిపోయింది. ఇదిగో పెద్ద చర్చి, అంతా రాయే అన్నారు. కాస్త పైకెత్తండి, గుమ్మటం చూపించండి అని ఇక్కణ్ణుంచి నేను అరుస్తున్నాను. ఎత్తారు. ఎర్రగానే ఉంది. ఏడుపొచ్చింది, మింగేశాను. పైకి ఎక్కరా అంటే, మెట్లు మరీ ఇరుకుట, ఒకసారి ఎక్కడం మొదలుపెడితే మధ్యలో వెనక్కి తిరగడానికి లేదుట, మనవాళ్ళెవరూ ఎక్కడం లేదన్నారు. వెనక్కి తిరగడానికి వీల్లేని ఇరుకు గురించి ఆయన నాకు చెప్పడం!

ఒక కూడలిలో బట్టల్లేని మగవాడి విగ్రహం కనిపించగానే, పక్కన నాన్నగారున్నారని ఫోన్ గబుక్కున పక్కకి తిప్పేశారు. అప్పటికే చూసేసిన మామగారు, పాపం వాడికి చలెయ్యదా అని అడిగారు. తర్వాత నది, నది మీద పాత వంతెన, ఆ వంతెనకి రెండు పక్కలా వరసగా బంగారం కొట్లు. మామగారు సోఫాలోంచి ముందుకి జరిగారు. వంతెన మీద బంగారం కొట్లేమిటని ఆశ్చర్యపోయారు. గుంపులో ఆడవాళ్ళంతా కొట్లోకి దూరారు, నేనూ వెళ్ళాలి అని మా ఆయన ఫోన్ పెట్టేశారు.

నేను వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి, మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, దువ్వుకుని, గ్రిల్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఖైరతాబాద్ ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ అలాగే తయారయ్యేవారు.

"వాళ్ళంతా వంతెన దగ్గరికి వెళ్ళిపోయారు. మనమే వెనకబడ్డాం. పదండమ్మా" అన్నారు.

నన్ను అండీ అన్నారంటే ఆ పూట నేను కోడల్ని కానన్నమాట. టూరు వాళ్ళ మనిషినై ఉంటాను. మామూలుగా అయితే తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది, కాఫీ తాగి వెళ్దాం అని ఏమారుస్తాను. కాఫీ తాగేలోపు మర్చిపోతారు. ఆ రోజు నాకా అబద్ధం నోటికి రాలేదు. ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకోవచ్చు, ఎవరి బంగారం వాళ్ళు కొనుక్కోవచ్చు, మేమిద్దరమే ఎందుకు ఈ చువ్వల వెనకాల ఉండాలని చిర్రెత్తుకొచ్చింది. పొయ్యి ఆర్పి తాళం తీశాను.

కింద వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "పెద్దాయనను ఎటు తీస్కపోతుండ్రమ్మా? సారు సుత లేడు గద." వంతెన చూడ్డానికని చెప్పి ఆయన్ని ఆటో ఎక్కించాను.

పంజాగుట్ట చౌరస్తాలో దిగాం. ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. నెత్తి మీద ఫ్లైఓవర్, ఆ పైన మెట్రో, పక్కన నిలువెత్తు అద్దాలతో నగల షోరూములు, హారన్ల మోత. మామగారు తలెత్తి ఆ మూల నుంచి ఈ మూలకి తీరిగ్గా చూశారు. బాగా కట్టారన్నారు. నదేదని అడిగారు. వేసవి కదండీ, ఎండిపోయిందన్నాను. ఈ ఊళ్ళో నలభై ఏళ్ళు ఉన్న మనిషి, నది ఎండిపోవడంలో వింతేమీ కనపడలేదు ఆయనకి.

ఒక షోరూము ముందు తలపాగా చుట్టుకున్న కాపలావాడు సలాం చేస్తే, ఈయనా నిటారుగా నిలబడి సలాం చేశారు. లోపల చల్లగా ఉంది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఏం చూపించమంటారు సార్ అని అడిగారు. చూసి వెళ్ళడానికే వచ్చాం, వేరే దేశం వాళ్ళం అని మామగారు నిజాయితీగా చెప్పారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అంత నవ్వి ఎన్నాళ్ళయిందో! ఒక వడ్డాణం చూసి, ఇది మోసే ఆడదానికి నడుం నొప్పి రాదా అని సేల్స్‌మన్‌ని అడిగారు. అతను కూడా నవ్వాడు.

బయటికొచ్చి చెరుకురసం బండి దగ్గర ఆగాం. సంచిలో ఫోన్ మోగుతోంది. మా ఆయనే అయి ఉంటారు, ఇంకేదో రాయి చూపించడానికి. తియ్యలేదు. నేనూ ఊరు చూస్తున్నాను మరి. మామగారు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, వచ్చేపోయే జనాన్ని పేరుపేరునా పలకరిస్తున్నట్టు చూస్తున్నారు. ఆ కాసేపూ ఆయన జబ్బు మనిషి కాదు, నేను కాపలా మనిషిని కాను.

చీకటి పడుతోంది, ఇంక ఇంటికి వెళ్దామా అన్నాను. ఆయన మొహం వాడిపోయింది.

"ఇంట్లో ఒకావిడ ఉంటుందండి. తాళం వేసేస్తుంది" అన్నారు, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి.

ఆవిడ మంచిది కాదా అని అడిగాను. మంచిదే, అన్నం మెత్తగా కలిపి పెడుతుంది, ఒక్కోసారి అరుస్తుంది అన్నారు. అరిచేది నిజమే. అరిచాక వంటింట్లో నిలబడి ఏడ్చేదీ నిజమే. అది ఆయనకెలా తెలుస్తుందిలే అనుకున్నాను.

"నేను తలుపు దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా, నాకంటే ముందే వచ్చి చువ్వలు పట్టుకుని నిలబడి ఉంటుంది" అన్నారాయన. "ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళరు పాపం. మళ్ళీ వచ్చేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకొద్దామమ్మా."

తీసుకొద్దామండీ అన్నాను. ఆయనకి నమ్మకం కుదరలేదు. చేతిలో చెయ్యి వేసి చెప్పమన్నారు. చెరుకురసంతో జిగురుగా ఉన్న ఆ అరచేతిలో, అంత రద్దీలో నిలబడి, చెయ్యి వేశాను.