అంచు కలిపే పని

గోరంట్లలో నాకొక డిజైన్ల అంగడి ఉండేది. పట్టుచీరల అంచులకూ కొంగులకూ కంప్యూటర్‌లో బొమ్మలు గీసి, మగ్గానికి వేసే అట్టలకు ఆ బొమ్మ ప్రకారం చిల్లులు కొట్టించి ఇచ్చేవాడిని. వేరుశనగ ఎండిపోయిన ఏడు రైతులు నేతకు దిగేవారు, మా వైపు మగ్గాలు పెరిగేవి. కాబట్టి కరువులో కూడా నాకు చేతినిండా పని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది, కానీ అది నిజం.

ఆ గీసే సాఫ్ట్‌వేర్‌ను ఇల్లాలి గాజులు అమ్మి కొన్నాను. దాంతోపాటు వేలెడంత తాళం ఇచ్చారు. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. మండలంలో అది ఉన్నది ఇద్దరికే. నేతగాళ్లు నా అంగడి ముందు బల్ల మీద గంటలకొద్దీ కూర్చునేవారు. నాకు కొమ్ములు మొలిచాయి. చేతిలో పని లేకపోయినా "రేపు రాప్పా" అని పంపేసేవాడిని.

ఒక వేసవిలో కరెంటు ఎక్కువ తక్కువై ఆ తాళం కాలిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే మొత్తం ధర పెట్టి మళ్లీ కొనాలన్నారు. రెండు రోజులు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. మూడో రోజు నా దగ్గర అట్టలు తీసుకునే ఒకామె వచ్చింది. డిగ్రీ చదివి, ఇంట్లో మగ్గం నేస్తుంది.

"ఏమన్నా, ఊరికే కూర్చున్నావు?"

"తాళం కాలిపోయి సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదమ్మా."

"నెట్‌లో దుడ్లు లేకుండా దొరికేది ఉండాది కదన్నా. ఎవరో రాసి అందరినీ వాడుకోమని పెట్టినారు. తాళం లేదు, గీళం లేదు."

ఆమే కూర్చుని ఎక్కించి ఇచ్చింది. నా నెత్తిన పాలు పోసినట్టయింది. నేను మాత్రం ఒక్క రూపాయి ధర తగ్గించలేదు. మిగిలేదంతా నాదే అనుకున్నాను. నాకు ఊరికే వచ్చింది ఊరందరికీ ఊరికే వస్తుందన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు.

ఏడాది తిరిగేసరికి మా వీధిలోనే ఆరుగురు పాత లాప్‌టాప్‌లు కొని డిజైన్లు గీయసాగారు. ధర సగమైంది, తర్వాత అందులో సగమైంది. నేతగాళ్లకు మేలే జరిగింది, కాదనను. ఇన్నేళ్లూ వాళ్లు డబ్బులిచ్చింది నా చేతిపనికి కాదు, ఆ తాళానికి. అది అర్థమైన రోజు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. అన్నం తిన్నాను, పడుకున్నాను.

ఇక నాకు మిగిలింది ఒక్క పని, అంచును కొంగుతో కలపడం. అంచులో నెమళ్లు వరసగా నడిచొచ్చి కొంగు దగ్గర ఆగాలి. లెక్క కుదరకపోతే చివరి నెమలికి తల తెగుతుంది. ఉన్న తేడానంతా ఒకేచోట సర్దితే కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నేను పక్షికీ పక్షికీ మధ్య ఒక్కో పోగు దాచి, వరస మొత్తాన్ని సాగదీసేవాడిని. అది ఆ సాఫ్ట్‌వేర్‌కు రాదు, ఆ ఆరుగురికీ రాదు.

ఒకరోజు, నాకు సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చిన ఆమే, తాను గీసుకున్న అంచు పట్టుకుని వచ్చింది. అరగంటలో కలిపి ఇచ్చాను. ఆమె వెళ్లి చెప్పినట్టుంది, ఆ వారంలో నలుగురు వచ్చారు. చాలా నెలల తర్వాత బల్ల నిండింది. అంగడి నిలబడుతుందనిపించింది.

పై వారం ఆమె మళ్లీ వచ్చింది.

"అన్నా, నువ్వు అంచు కలిపేది ఫోన్లో తీసి నెట్‌లో పెడతా. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లందరికీ పనికొస్తాది. నువ్వు వద్దంటే తీయను."

సాఫ్ట్‌వేర్ తీసుకున్నప్పుడు, రాసినవాళ్లకు నేను ఒక్క మంచి మాట కూడా చెప్పలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దనాలి? "తీసుకోమ్మా" అన్నాను.

వీడియోలో నా మొహం లేదు, చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ఎక్కడెక్కడి నేతగాళ్లో చూసి "ఏం పనితనమప్పా!" అని కింద రాశారు. ఇన్నేళ్లలో నా చేతిని ఎవరైనా మెచ్చుకున్నది అదే మొదలు. అన్నీ ఒక్కొక్కటిగా చదివాను. సంతోషం రాలేదు, కోపమూ రాలేదు. ఆ నెలంతా బల్ల మీద ఎవరూ కూర్చోలేదు.

అంగడి గది ఓనరుకు ఫోన్ చేసి ఖాళీ చేస్తానని చెప్పాను.

"ఏమప్పా, పని రాలేదా నీకు?" అన్నాడాయన.

"అందరికీ వచ్చేసిందన్నా" అన్నాను.